తిట్టడానికి ఒక ముఖం

దేవుడికి ఇకమీదట చెక్క అక్కర్లేదు. గుడ్డు అక్కర్లేదు, బంగారు రేకు అక్కర్లేదు, దీపం అసలే అక్కర్లేదు. ఒక ఛార్జరుంటే చాలు!

వేళాకోళానికి అంటున్నాననుకోకండి. డిజిటల్ దేవుళ్ళ కార్డులు మనిషికి దొరికిన వరాలన్నింటిలోకీ పెద్ద వరమని మా దీవిలో అందరికీ తెలిసిపోయింది. మీకింకా తెలియకపోతే ఆ లోటు తీర్చడానికే కలం పట్టాను.

కార్డంటే పేకముక్క కాదు. చేతికి అందదు. ఫోనులో ఒక బొమ్మ, దానికో నంబరు. ఆ నంబరు ఫలానావాడిదని ఎక్కడెక్కడివో కంప్యూటర్లు కలిసి సాక్ష్యం చెబుతాయి. బొమ్మను ఎవడైనా చూడొచ్చు, ఎవడైనా దాచుకోవచ్చు. "ఇది నాది" అని చెప్పుకునే హక్కు మాత్రం కొన్నవాడిదే. కొనడం కూడా మామూలు డబ్బుతో కాదు, జేబులో మోగని నాణేలతో. వస్తువు లేదు, నాణెం లేదు, కొన్నవాడికి అమ్మినవాడి మొహం తెలియదు. ఇంత శుభ్రమైన వ్యాపారం ఇంకెక్కడైనా ఉందా? మా రేవులో చేప కొంటే కనీసం కంపైనా అంటుకుంటుంది.

ఇక ఆ దేవుళ్ళెవరంటారా? మా పాతవాళ్ళే. చర్చి గంట మోగకముందు ఈ కొండల మీద కాపురాలు చేసినవాళ్ళు. చాలాకాలంగా వాళ్ళను పనిలో పెట్టుకున్నవాడు లేడు. మ్యూజియంలలో ముక్కులు విరిగి, చేతులు పోయి, ఎండాకాలం వచ్చేవాళ్ళకు ఫోటోలిస్తూ నిలబడ్డారు. కార్డులొచ్చి వాళ్ళందరికీ మళ్ళీ ఉద్యోగాలిచ్చాయి.

దేవుళ్ళకు రాజైన జ్యూస్ ఇప్పుడు పిడుగు బదులు నాణెం విసురుతున్నాడు. కుంటి కమ్మరి హెఫైస్తోస్ కంప్యూటర్ల కొలిమి దగ్గర పగలూ రాత్రీ నాణేలు కొడుతున్నాడు. ఆ కరెంటు బిల్లు ఎవరు కడతారో కార్డు మీద రాయలేదు. పాతాళం యజమాని హేడీస్, పాస్‌వర్డు మరిచిపోయినవాళ్ళ సొమ్ముకు కాపలా ఉన్నాడు. ఆయన దగ్గరికి పోయింది తిరిగి రాదు కనుక అది ఆయన పాత ఉద్యోగమే. హెర్మీస్‌కైతే ఏ మార్పూ అక్కర్లేకపోయింది. వ్యాపారులకూ దొంగలకూ మొదటినుంచీ ఆయనొక్కడే దేవుడు.

ఈ కార్డులు గీసేది మా లిసాంద్రోసే. నిజానికి అతను చర్చి బొమ్మల పనివాడు. తాత దగ్గర నేర్చుకున్నాడు. చెక్క పలక మీద గుడ్డ అంటించి, సుద్ద పూత పూసి, నునుపు చేసి, గుడ్డు సొనలో రంగు కలిపి సెయింటులను గీసేవాడు. ముందు చీకటి రంగు, తర్వాత వెలుగు. బొమ్మ పూర్తయ్యేదాకా మాంసం ముట్టకూడదు, అబద్ధం ఆడకూడదు. కార్డులకు ఆ నియమాలేవీ లేవు. అది మొదటి లాభం.

చిక్కేమిటంటే, లిసాంద్రోస్ చేతికి తెలిసిన ముఖం ఒక్కటే. ఉపవాసం ముఖం. సన్నటి ముక్కు, చిటికెడు నోరు, పెద్ద కళ్ళు, వెనకాల బంగారం. అందుకని అతను గీసిన జ్యూస్ నలభై రోజులుగా ఉడికించిన చిక్కుళ్ళు తప్ప ఏమీ తినని బిషప్పులా ఉన్నాడు. ద్రాక్షసారా దేవుడు దియోనిసోస్ జీవితంలో మంచినీళ్ళు తప్ప తాగినట్టు లేడు. వలపుల దేవత అఫ్రొదీతి మెడదాకా బట్ట కప్పుకుంది. పాపం, మెడ కింద ఏముంటుందో లిసాంద్రోస్ చేతికి తెలియదు. తాత నేర్పలేదు.

అందరి తల వెనకా గుండ్రటి కాంతి. అలవాటు కదా, పెట్టేశాడు.

దానికే దేశదేశాల జనం వెర్రెత్తిపోయారు. "ఇంత శోకం నిండిన జ్యూస్‌ను మేమెన్నడూ చూడలేదు" అని రాశారు. శోకం కాదు బాబూ, ఆకలి!

ఇలా లోకమంతా సుఖంగా ఉండగా, మా దీవిలో ఒక్క మనిషికి మాత్రం తంటా వచ్చిపడింది. అతని పేరు సరాంతోస్. చేపలు పట్టేవాడు.

సరాంతోస్ పాత పడవ చలికాలం తుఫానులో రేవు రాతికట్టకు కొట్టుకొని ముక్కలైంది. చుక్కాని గదిలో వేలాడే సెయింట్ నికోలాస్ బొమ్మ కూడా దానితోపాటు నీళ్ళలోకి పోయింది. నావికుల్ని కాపాడే సెయింటే, కానీ తనకు ఈత వచ్చినట్టు లేదు. సరాంతోస్ కొత్త పడవ చేయించుకున్నాడు. భార్య పేరే పెట్టాడు, మరూసో అని. రంగు ఆరింది, ఇంజను తిరిగింది, సార్డీన్ చేపలు రేవు ముందుదాకా వచ్చేశాయి. బొమ్మ ఒక్కటే రాలేదు.

బొమ్మ లేని పడవ మా రేవు దాటదు. సరాంతోస్‌ది అంతకంటే పెద్ద ఇబ్బంది. ఒడ్డు మీద అతను మూగవాడితో సమానం. పెళ్ళిలో కూడా పాదిరీ అడిగినప్పుడు తలూపాడే కానీ మాట్లాడలేదంటారు. అదే రాతికట్ట దాటాడంటే నోరు తెరుస్తాడు. గాలి ఎదురైతే నికోలాస్‌ను తిడతాడు. వల చిరిగితే తిడతాడు. చేప పడితే ఇంతసేపు ఏం చేశావని తిడతాడు. పొద్దుటినుంచి సాయంత్రందాకా ఆ బొమ్మ ముఖంలోకి చూస్తూ కడుపులో ఉన్నదంతా కక్కేసి, చల్లబడి, ఇంటికొచ్చి సూపు తాగి పడుకుంటాడు. ఆ సంసారం అన్నేళ్ళుగా నిలబడింది ఆ సెయింటు ఓర్పు మీదే.

ఇది భక్తి కాదంటారా? మరి మీరు మీ దేవుడితో రోజూ ఎంతసేపు మాట్లాడతారు?

సరాంతోస్ లిసాంద్రోస్ దుకాణానికి వెళ్ళాడు.

"అయిందా?"

"కూర్చో బాబాయ్. పలక సిద్ధం. సుద్ద పూత కూడా అయింది. ఇంక ముఖం ఒకటే మిగిలింది."

"నాక్కావలసింది ముఖమే."

"వచ్చే వారం ఇచ్చేస్తా. ఈ వారం అపోలో దేవుడి కార్డు పని ఉంది. అపోలో కోసం జనం కాచుకుని కూర్చున్నారు."

సరాంతోస్ తలుపు బయటికి తొంగిచూశాడు. వీధిలో పిల్లి ఒక్కటే ఉంది.

"ఇక్కడ కాదు బాబాయ్, ఫోనులో. నువ్వు కూడా ఒకటి తీసుకోరాదూ? ఏడాది తిరిగేసరికి పెరుగుతుంది."

"ఏం పెరుగుతుంది? గడ్డమా?"

"విలువ, బాబాయ్, విలువ."

సరాంతోస్ చెయ్యెత్తి, అరచెయ్యి లిసాంద్రోస్ ముఖం ముందు పెట్టి, ఐదు వేళ్ళూ విప్పాడు. మా దేశంలో ఈ పని చేశాక ఇంకో మాట అక్కర్లేదు. దానిని మించిన తిట్టు ఎవరూ కనిపెట్టలేదు. ముఖానికి బురద పూసినట్టే లెక్క. లిసాంద్రోస్ నవ్వేసి, కార్డులు గీసే గాజు పలక మీదికి వంగాడు. చెక్క పలక బల్ల మీదే ఉంది. దాని మీద అతని కాఫీ కప్పు ఉంది.

మరుసటి వారం యుద్ధాల దేవుడు ఆరెస్ పని తగిలింది. ఆ పై వారం "కోపంతో ఉన్న జ్యూస్", తర్వాత "బాగా కోపంతో ఉన్న జ్యూస్". రెండింటికీ ముఖం ఒకటే, ఆకలి ముఖం.

పక్క పడవలవాళ్ళు బుట్టలు నింపుకొని వస్తున్నారు. సరాంతోస్ రేవులో కూర్చొని వలకు లేని చిరుగులు కుడుతున్నాడు. మరూసో చూసి చూసి అడిగింది.

"నా పేరు పెట్టిన పడవ, నాలాగే గడప దగ్గరే ఉండిపోవాలా ఏంటి?"

సరాంతోస్ వలకు ఇంకో ముడి వేశాడు.

"ఆ లిసాంద్రోస్‌గాణ్ణి నేనడిగొస్తా."

ఆమె అడిగిన పద్ధతి వీధి చివరిదాకా వినిపించింది. లిసాంద్రోస్ గత్యంతరం లేక ఒక ఉపాయం కనిపెట్టాడు. గమనించండి, కార్డుల మహిమ ఇక్కడే బయటపడుతుంది.

అతని పొసైదోన్ కార్డు ఒకటుంది. సముద్రానికి పాత యజమాని. దాన్ని గీసేటప్పుడు కొత్త ముఖం ఆలోచించే ఓపిక లేక, తాత ఇచ్చిన నికోలాస్ నమూనానే వాడేశాడు. అదే బట్టతల, అదే గుండ్రటి తెల్లగడ్డం, అదే జాలిచూపు. బిషప్పు కండువా తీసేసి చేతిలో త్రిశూలం పెట్టాడు, అంతే. ఆ కార్డును తన పాత ఫోనులో పెట్టి, ఫోనును చుక్కాని గదిలో మేకుకు కట్టాడు.

"ఇద్దరి పనీ ఒకటే బాబాయ్. సముద్రం. ముఖం కూడా ఒకటే. పైగా వెలుగుతాడు."

పడవ నీళ్ళలోకి దించే రోజు ముసలమ్మలు వరసగా వచ్చి ఫోనును ముద్దు పెట్టుకున్నారు. ఒకామె పెదవి తగిలి బొమ్మ జరిగిపోయి వాతావరణం వార్త వచ్చింది. ఆమె దానికి కూడా శిలువ గుర్తు వేసుకుంది. మేమంతా పాపా అని పిలిచే మా పాదిరీ అనేస్తిస్ తులసికట్టా మంత్రజలం గిన్నే పట్టుకొని లోపలికి వచ్చి, వంగి చూశాడు.

"ఎవర్రా ఈయన?"

"నికోలాసే అనుకోండి పాపా," అన్నాడు లిసాంద్రోస్.

"చేతిలో అదేంటి?"

"చేపలు పొడిచేది."

పాదిరీ చాలాసేపు ఆలోచించాడు. బయట వేయించిన ఆక్టోపస్ వాసన వస్తోంది. చివరికి కళ్ళు గట్టిగా మూసుకొని, తులసికట్ట ముంచి, నాలుగు దిక్కులా చిలకరించాడు.

"పాపా, ఫోను తడుస్తుంది," అని లిసాంద్రోస్ అడ్డం వచ్చాడు.

"తడవకపోతే దీవెన ఎలా తగుల్తుందిరా, దద్దమ్మా?"

మర్నాడు తెల్లవారకముందే సరాంతోస్ రాతికట్ట దాటాడు. వేసవి ఉత్తరపు గాలి అప్పటికే లేచింది. మొదటి అల పడవ ముక్కును ఎత్తి పడేసింది. ఎన్నాళ్ళనుంచో దాచుకున్న తిట్లన్నీ గొంతులోకి వచ్చాయి. సరాంతోస్ ఫోను వైపు తిరిగి మొదలుపెట్టాడు.

"ఏరా ముసలోడా, కొత్త పడవ కనిపిస్తే ఓర్వలేవా నువ్వు? నీ కొవ్వొత్తి ఆరిపోను..."

ఫోను ఆరిపోయింది.

కరెంటు ఆదా చేసుకోవడానికి అది దానంతటదే కన్ను మూసుకుంటుంది. సరాంతోస్‌కు ఆ సంగతి తెలియదు. నల్లటి గాజులో ఒక ముఖం కనిపించింది. గడ్డం మాసిన, కళ్ళు ఉబ్బిన, నోరు తెరిచిన ముసలాడి ముఖం. సరాంతోస్ సగం తిట్టు దగ్గర ఆగిపోయాడు. వేలితో తడితే పొసైదోన్ వచ్చాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ ఆరిపోయి, మళ్ళీ అదే ముసలాడు. ఏం తిట్టినా వాడు తనతోపాటే నోరు కదుపుతున్నాడు. వాణ్ణి తిట్టి ఏం లాభం? వాడికివన్నీ ముందే తెలుసు.

కాసేపటికి ఛార్జింగు అయిపోయింది. ఇక మిగిలింది వాడొక్కడే. సరాంతోస్ వల వేయకుండానే పడవ వెనక్కి తిప్పాడు.

ఆ రోజునుంచి అతను ఇంట్లో మాట్లాడడం మొదలుపెట్టాడు. సూపులో ఉప్పు గురించి మాట్లాడాడు. కుర్చీ గురించి, కిటికీ గురించి, మరూసో చెల్లెలి గురించి మాట్లాడాడు. మరూసో మొదటి రోజు జ్వరమేమోనని నుదురు పట్టి చూసింది. రెండో రోజు నోరెళ్ళబెట్టింది. మూడో రోజు చంకలో పెట్టకోడిని పెట్టుకొని లిసాంద్రోస్ దుకాణానికి నడిచింది. దాని కాలికి తాడు వేసి, బొమ్మలు గీసే బల్లకు కట్టేసి, గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకొని కూర్చుంది.

"ఇదేంటి పిన్నీ?"

"గుడ్లు అయిపోయాయని చెప్పడానికి వీల్లేకుండా తెచ్చా. గియ్యి."

"జ్యూస్ భార్య హేరా దేవి కార్డు రేపటికల్లా అవ్వాలి పిన్నీ, అందరికీ మాటిచ్చాను."

"హేరా మొగుడు కార్డులో నోరు మూసుకునే ఉంటాడు. నా మొగుడు మాట్లాడుతున్నాడు లిసాంద్రా. ఇన్నేళ్ళనుంచీ సముద్రంలో ఆ సెయింటుతో ఏం మాట్లాడేవాడో నాకిప్పుడు తెలిసింది. ఆయన సెయింటు కనుక ఓర్చుకున్నాడు. నావల్ల కాదు. గియ్యి."

లిసాంద్రోస్ కాఫీ కప్పు తీసి పక్కన పెట్టాడు. తెల్లటి సుద్ద మీద గుండ్రటి మరక పడి ఉంది. గీకితే పోలేదు. సరిగ్గా తల వెనక కాంతి రావలసిన చోటే ఉంది కనుక దాని చుట్టూనే బంగారు రేకు అద్దాడు. కోడి గుడ్డు పెట్టింది. సొన తీశాడు, రంగు కలిపాడు, చీకటి రంగు వేశాడు. అక్కడిదాకా చెయ్యి బాగానే నడిచింది.

ముక్కు దగ్గర తంటా వచ్చింది. ముక్కు చిన్నగా పడిందనిపించి, దగ్గరగా చూద్దామని, రెండు వేళ్ళు దాని మీద పెట్టి ఎడంగా లాగాడు. గాజు మీదైతే బొమ్మ పెద్దదవుతుంది. పచ్చి సొన మీద ముక్కు పెద్దదైంది. కంగారులో పలక మూల వేలితో తట్టాడు. గాజు మీద అక్కడ తడితే చేసిన తప్పు చెరిగిపోతుంది. సుద్ద మీద వేలిముద్ర పడింది. సరిచేయబోయి కనుబొమను వేలితో రుద్దాడు. అది పైకి లేచి అక్కడే నిలిచిపోయింది.

"ఇంకోటి మొదలుపెడతా పిన్నీ," అన్నాడు నీరసంగా. తాత చూసి ఉంటే చెవి మెలిపెట్టేవాడు.

మరూసో పలకను చేతిలోకి తీసుకొని చూసింది. ఆ నికోలాస్ ఉపవాసం ఉన్నట్టు లేడు. ఇప్పుడే భోంచేసి, ఎవరో నిద్ర చెడగొడితే లేచివచ్చినట్టున్నాడు. ముక్కు కొట్లాటలో వాచినట్టుంది. లేచిన కనుబొమ "ఏంటి, మళ్ళీ అను" అంటున్నట్టుంది.

"అక్కర్లేదు. ఇదే చాలు," అంది. "కోడిని ఉంచుకో. నీకు అవసరం."

సరాంతోస్ బొమ్మను మేకుకు తగిలించి, కింద చిన్న నూనెదీపం పెట్టి, చాలాసేపు చూశాడు. బొమ్మ అతన్ని చూసింది.

"ఈయన వింటాడు," అన్నాడు.

ఆ పొద్దున గాలికి మా కాఫీ దుకాణందాకా వినిపించాయి ఆ తిట్లు. ఏ పడవలోవాళ్ళూ అంతవరకు వినని రకాలు. మధ్యమధ్యలో ఆగుతున్నాడు, అవతలివాడి జవాబుకు ఆగినట్టు. తర్వాత ఇంకా గట్టిగా అందుకుంటున్నాడు. సాయంత్రం బుట్టల నిండా సార్డీన్లతో వచ్చి, ఇంటికెళ్ళి, సూపు తాగి, ఒక్క మాటైనా అనకుండా పడుకున్నాడు. మరూసో గుమ్మంలో కూర్చొని ఆ నిశ్శబ్దాన్ని చాలాసేపు విన్నది.

ఇంత మేలు జరిగాక కార్డుల ఉపకారం ఎవరు కాదనగలరు? గాజు మీద అన్నాళ్ళు గీసి ఉండకపోతే లిసాంద్రోస్‌కు అంత చక్కటి తప్పు చేయడం చేతనయ్యేదా?

లిసాంద్రోస్‌కూ ఆ మాటే తోచింది. మర్నాడు ఫోను పట్టుకొని రేవుకు వచ్చాడు.

"బాబాయ్, ఒక్క ఫోటో. ఈ ముఖాన్ని కార్డు చేస్తే రెక్కలొచ్చి ఎగిరిపోతుంది."

అతను ఫోను ఎత్తడమూ, సరాంతోస్ బొమ్మకు అడ్డంగా చెయ్యి చాచడమూ ఒక్కసారే జరిగాయి. ఫోటోలో నికోలాస్ పడలేదు. సరాంతోస్ అరచెయ్యి పడింది. ఉప్పుకు పగిలి, వలతాళ్ళు కోసుకుపోయి, ఒక గోరు లేని చెయ్యి. ఐదు వేళ్ళూ విప్పి ఉన్నాయి.

లిసాంద్రోస్ పట్టువదలనివాడు. దాన్నే కార్డు చేసి పెట్టాడు. కొనేవాళ్ళు అడిగారట, ఇది ఏ దేవుడి చెయ్యి అని. సెయింటుకు ముక్కు చెడగొట్టిన దగ్గరనుంచి అబద్ధమాడడానికి అతనికి కొంచెం భయంగా ఉంది. దేవుడిది కాదు, మా ఊళ్ళో చేపలు పట్టే ఆయనది, నిజం చెయ్యి అని రాశాడు.

అతని కార్డులన్నింటిలోకీ అదొక్కటే ఎవరూ కొనలేదు.

మొన్న కాఫీ దుకాణంలో లిసాంద్రోస్ నా బల్ల దగ్గరికి వచ్చాడు. నేనిది రాస్తున్నానని ఎవరో చెప్పారు కాబోలు, మొహం వెలిగిపోతోంది.

"పెద్దాయనా, కార్డుల గురించి ఇంత గొప్పగా రాస్తున్నావట కదా. మరి నువ్వొకటి తీసుకోవా? నీకైతే పొసైదోన్‌నే ఇచ్చేస్తా. ఏమంటావ్?"

నేను మాటలు తక్కువ మనిషిని. కప్పు కింద పెట్టి, చెయ్యి ఖాళీ చేసుకొని, ఐదు వేళ్ళూ విప్పాను.